దేవుడి నగలకు బ్యాంకు లాకరు

దీపావళి వెళ్లగానే పాలమూరు పల్లెల్లో కురుమూర్తి జాతర సందడి మొదలవుతుంది. మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలో, గుట్టల నడుమ వెలసిన వేంకటేశ్వరుడే కురుమూర్తి రాయుడు. జాతరలో ఆయనకు అలంకరించే నగలు ఏడాది పొడవునా గుట్ట మీద ఉండవు. ఆత్మకూరులోని స్టేట్ బ్యాంకులో ఉంటాయి. ఒకప్పుడు ఆత్మకూరు సంస్థానాన్ని ఏలిన ముక్కెర వంశంవారు చేయించిన నగలని చెబుతారు. అలంకారోత్సవానికి నగల పెట్టె బ్యాంకు గడప దాటుతుంది. ముందు మేళతాళాలు, చుట్టూ పోలీసు బందోబస్తు, వెనక జనం. జాతర ముగిశాక పెట్టె మళ్లీ బ్యాంకుకే చేరుతుంది.

అదే జాతరలో ఇంకో ఊరేగింపు ఉంది. అసలు జాతర అదే అనేవాళ్లూ ఉన్నారు. వడ్డెమాన్‌లో దళితులు నియమనిష్ఠలతో ఉండి స్వామికి తోలుతో పాదరక్షలు కుడతారు. వాటి పేరు ఉద్దాలు. ఉద్దాలు ఊరు దాటి గుట్టకు బయల్దేరితే దారి పొడవునా జనం ఎగబడతారు. ఒక్కసారి తలకు తాకితే చాలనుకుంటారు. ఆ తోలు జోడుకు లాకరు అక్కర్లేదు. దాన్ని కాజేసి ఎక్కడైనా అమ్ముకోవచ్చని ఏ దొంగా అనుకోడు.

నగలూ దేవుడివే, ఉద్దాలూ దేవుడివే. మొదటివాటికి బందోబస్తు కావాలి, రెండోవాటికి జనమే బందోబస్తు. జాతరకొచ్చిన ఏ హేతువాదో ఇక్కడ కొంటెగా ఒక ప్రశ్న వేయవచ్చు. లోకాన్నంతా కాపాడేవాడు తన మెడలోని హారాన్ని కాపాడుకోలేడా? వెక్కిరింపుగా వేసినా ప్రశ్న గట్టిదే. గడపకు పసుపు రాసి, గుమ్మానికి గుమ్మడికాయ కట్టి, దాని కింద సీసీ కెమెరా బిగించుకునే ప్రతి ఇంటికీ అది వర్తిస్తుంది. దొంగ భయం విశ్వాసం సన్నగిల్లిందనడానికి గుర్తా? కూడబెట్టుకున్నదాన్ని కాపాడుకోవడం ధర్మమా, లేక మతాలన్నీ వదులుకొమ్మన్న మమకారమా?

న్యాయశాస్త్రం ఈ చిక్కును ఎప్పుడో ఒక పద్ధతిలో విప్పింది. మన చట్టం దృష్టిలో ఆలయంలోని దేవుడు ఒక వ్యక్తి. ఆస్తి ఆయన పేరనే ఉంటుంది, ఆయన తరఫున దావా వేయవచ్చు. అయితే కోర్టులు ఆయన్ను ఎప్పటికీ మైనరుగానే చూస్తాయి. తన సొత్తును తాను చూసుకోలేని పిల్లవాడికి సంరక్షకుడు ఉన్నట్టే దేవుడికీ ఉండాలి. 1925లో కలకత్తాకు చెందిన మల్లిక్ కుటుంబం ఇంటి విగ్రహం విషయంలో తగవుపడి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. తాతల నాటి నుంచి ఇంట్లో పూజలందుకుంటున్నంత మాత్రాన విగ్రహం ఆ ఇంటివాళ్ల సామాను కాదని, దాని మేలు చూడటానికి నిష్పాక్షికుడైన మనిషి ఉండాలని ఆ తీర్పు సారం. సొంతదారు వేరు, కాపలాదారు వేరు అన్నమాట. సొంతదారు కాపాడుకోలేడు, కాపాడేవాడు సొంతం చేసుకోకూడదు.

భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని 305వ సెక్షను మనుషులు నివసించే ఇంట్లో చేసే దొంగతనాన్ని, ప్రార్థనా స్థలంలోని విగ్రహాన్ని ఎత్తుకెళ్లడాన్ని ఒకే వరుసలో పెట్టి, రెండింటికీ ఏడేళ్ల దాకా శిక్ష విధించింది. పాత శిక్షాస్మృతిలో ఇంటి చోరీకి ఉన్న సెక్షనులో విగ్రహం మాట లేదు. గుడిని, ఇంటిని చట్టం ఇప్పుడు ఇలా పక్కపక్కన నిలబెట్టింది. పల్లెల్లో ఆ రెండూ ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి. ఊరి నడుమ బొడ్రాయి, చెరువు కట్టకు కట్టమైసమ్మ, పొలిమేరలో పోచమ్మ, ఇంట్లో దేవుడి గూడు. మైసమ్మ ఉందని చెరువుకు నీరడిని పెట్టడం ఎవరూ మానలేదు, నీరడి ఉన్నాడని మైసమ్మకు బోనం ఎత్తడమూ మానలేదు.

దేవుణ్నే దాచాల్సి వచ్చిన సందర్భం కూడా ఈ నేలకు తెలుసు. తుంగభద్ర ఒడ్డున ఉన్న అలంపురం, నిన్నమొన్నటి దాకా మహబూబ్‌నగర్ జిల్లాలోది, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు అక్కడున్నాయి. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటైన జోగులాంబ గుడి 14వ శతాబ్దం చివర బహమనీల దాడిలో కూలిపోయిందని స్థల చరిత్ర. గుడి పోయినా అమ్మవారు పోలేదు. విగ్రహాన్ని పక్కనే ఉన్న బాలబ్రహ్మ ఆలయంలోకి చేర్చారు. 2005లో కొత్త గుడి కట్టే దాకా, అంటే దాదాపు 600 ఏళ్లు, అమ్మవారు అక్కడే ఉంది. ఆ తరాల్లో ఒక్కరైనా ఆమెను తమ సొత్తు అనుకుని ఉండరు. దాచినవాళ్లు పోయారు, వాళ్ల పిల్లలు పోయారు, ఏలే రాజ్యాలు మారిపోయాయి, కాపలా మాత్రం చేతులు మారుతూ వచ్చింది. వీళ్లకు అమ్మవారి శక్తి మీద నమ్మకం లేదని ఎవరనగలరు? నమ్మకం ఉంది కాబట్టే దాచారు.

మరి కాపలా కాసేవాళ్లూ వెళ్లిపోతే?

2024 మార్చి చివర సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో రాష్ట్ర వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక మట్టి కుండ బయటపడింది. పాత నల్లగొండ జిల్లాలోని ఈ ఊరి గుట్ట మీద ఒకప్పుడు పెద్ద బౌద్ధారామం ఉండేది. ఇక్కడి శిల్పాలు 2023లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా ప్రదర్శనకు వెళ్లొచ్చాయి. కుండలో 3,730 సీసపు నాణేలున్నాయి. ఒక్కోటి సగటున 2.3 గ్రాములు, మొత్తం ఎనిమిదిన్నర కిలోలు. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని చిహ్నం. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖ తేల్చింది. కుండ మూతికి ఒక చిప్ప బోర్లించి, ఎవరో జాగ్రత్తగా భూమిలో పెట్టారు. తిరిగొచ్చి తీసుకోలేదు.

సన్యాసుల ఆరామంలో డబ్బు కుండ ఏమిటి? భిక్షువు బంగారం, వెండి ముట్టకూడదని బౌద్ధుల వినయ నియమాలు చెబుతాయి. బుద్ధుడు పోయిన సుమారు నూరేళ్లకు వైశాలిలో జరిగిన రెండో సంగీతిలో తగవుపడిన పది అంశాల్లో ఇదీ ఒకటి. వజ్జి దేశపు భిక్షువులు కంచు పాత్రలో నీళ్లు నింపి పెట్టుకుని, అందులో నాణేలు వేయమని ఉపోసథ రోజున గృహస్థులను అడిగేవారట. యశుడనే భిక్షువు అది తప్పని అడ్డుపడ్డాడు, సంగీతి ఆయన మాటే నిలబెట్టింది. అయినా ఆరామం నడవాలంటే దీపాలకు నూనె కావాలి, గోడలకు సున్నం కావాలి, శిల్పికి కూలి ఇవ్వాలి. ఫణిగిరి కుండ సంఘానిదో, దారిన పోతూ ఆగిన వ్యాపారిదో, ఊరి మనిషిదో ఆ నాణేలు చెప్పవు. సీసపు నాణెం చిల్లర డబ్బు. మహారాజుల ఖజానా నుంచి వచ్చినదానికంటే పదిమంది చేతుల మీదుగా పోగైనదిలాగే ఉంది. దాన్ని దొంగలు ముట్టలేదు. సుమారు 1,700 ఏళ్లు అది అంత భద్రంగా ఉండటానికి కారణం, అదక్కడ ఉందని తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలకపోవడమే. దాచినదాని జాడ ఇంకో మనిషికి తెలియకపోతే దొంగకు దక్కదు, ఇంట్లోవాళ్లకూ దక్కదు.

భూమిలో దొరికినది ఎవరిదన్న ప్రశ్నకు జనం జవాబు ఎలా ఉంటుందో 2021 ఏప్రిల్‌లో పెంబర్తి చూపింది. జనగామ దగ్గరున్న ఈ ఊళ్లో వెంచరు కోసం భూమి చదును చేస్తుంటే జేసీబీకి లంకెబిందె తగిలింది. సుమారు 190 గ్రాముల బంగారం, 1.7 కిలోల వెండి. వార్త పాకేసరికి జనం గుమిగూడారు, కొబ్బరికాయలు కొట్టారు, కొందరికి పూనకం వచ్చింది. అవి అమ్మవారి నగలని, గుడి కట్టాలని అన్నారు. అధికారులు పంచనామా చేసి తీసుకెళ్లారు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది ఏది భూమిలో దొరికినా కలెక్టరుకు చెప్పి తీరాలి. అటు జనం మాట, ఇటు చట్టం మాట ఒక్కచోట కలుస్తాయి. తవ్వినవాడు గుట్టుగా తనదిగా చేసుకోకూడదు.

తవ్వినవాడిదే అనుకునేవాళ్లూ తక్కువేం లేరు. అమావాస్య రాత్రి పాత గుడిలో నందిని పెకలించారని, లింగం కింద గొయ్యి తీశారని నల్లమల అంచు నుంచి దేవరకొండ గుట్టల దాకా తరచూ వార్తలొస్తాయి. గుప్తనిధి కోసం పూజ చేసే మంత్రగాడు దేవుడి పేరు చెప్పే దేవుడి గుడిని కూలుస్తాడు. 2023 డిసెంబరులో నాగర్‌కర్నూల్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, నిధులు చూపిస్తానని నమ్మించి 11 మందిని చంపాడని ఆరోపించారు. చనిపోయినవాళ్ల ఇళ్లకు కన్నం పడలేదు, తాళం పగల్లేదు. తలుపు తీసి లోపలికి పిలిచింది వాళ్లే. ఆశ గొళ్లెం తీస్తే బయటివాడికి పని సులువు.

ఇంతకీ మతాలు కాపలాను ఏమంటాయి? కొండమీది ప్రసంగంలో యేసు భూమ్మీది ధనం గురించి చెబుతూ కన్నపు దొంగలను పేరుపెట్టి తలుస్తాడు. భూమ్మీద కూడబెట్టుకోవద్దన్నాడు, నిజమే. ఇతరులు నమ్మి అప్పగించినదాని సంగతేమిటి? దానికి ఇస్లాంలో ఒక పేరుంది, అమానత్. మక్కా జనం ముహమ్మద్ ప్రవక్తను అమీన్ అని పిలిచేవారు, అంటే నమ్మకస్తుడు. ఆయన మతాన్ని ఒప్పుకోనివాళ్లు కూడా తమ విలువైన వస్తువులను ఆయన దగ్గరే దాచేవారు. క్రీ.శ. 622లో తన ప్రాణం తీయడానికి మనుషులు కాచుకుని ఉన్న రాత్రి ఆయన మదీనాకు బయల్దేరుతూ, ఎవరి సొమ్ము వాళ్లకు తిరిగివ్వడం కోసం అలీని వెనక ఉంచి వెళ్లాడు. శత్రువు సొమ్మయినా అమానత్ అమానతే.

అమానత్ అంటే ఏమిటో నల్లగొండ, పాలమూరు పల్లెలకు వేరే చెప్పనక్కర్లేదు. ఊరి పీర్ల కొట్టంలో పీర్లను ఏడాదంతా పెట్టెలో పెట్టి కాపాడేది ముజావర్. మొహర్రం నెలవంక కనబడ్డాక పెట్టె తెరుస్తారు, పీర్లను తోమి దట్టీలు కడతారు. చాలా ఊళ్లలో పీరును ఎత్తుకునేవాళ్లలో, ఊదు వేసేవాళ్లలో, గుండం చుట్టూ ఆడేవాళ్లలో హిందువులే ఎక్కువ. పెట్టె తాళం ముజావర్ దగ్గర ఉంటుంది, పీర్లు మాత్రం ఊరివి. ఆత్మకూరు బ్యాంకు చేసే పనీ ఇదే. నమ్మకం కుదిరిన చోట లాకరైనా, చెక్క పెట్టె అయినా ఒకటే.

నమ్మకం తప్పితేనే అసలు కష్టం. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. దేవుడి మీద ఇంత చనువుగా, ఇంత నిజం చెప్పిన మాట ఇంకోటి లేదు. అందుకే కాపలాదారు మీదా కాపలా ఉండాలని సమాజం నేర్చుకుంది. ఆలయ నగల తూకం, వివరం రిజిస్టరులో ఉండాలని దేవాదాయ చట్టం అంటుంది. హుండీ లెక్కింపు పదిమంది ముందు, కెమెరాల కింద జరుగుతుంది. లాకరు అద్దెకు తీసుకున్న కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతీ ఒకటుంది. 2022 జనవరి 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ప్రకారం చోరీ జరిగినా, సిబ్బందే మోసం చేసినా బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు నూరు రెట్ల వరకే. 2,000 రూపాయలు అద్దె కడితే దక్కేది గరిష్ఠంగా 2 లక్షలు. లోపల ఏముందో బ్యాంకుకు తెలియదు కాబట్టి నగల ఫొటోలు, తూకం, రశీదులు ఇంటివాళ్లే దాచుకోవాలి. ఇంటిల్లిపాదిలో ఇంకొకరికైనా ఆ సంగతి తెలిసుండాలి.

వదులుకోవడం సంగతి చూద్దాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. గడీల ఎత్తైన గోడలు దొరల ధాన్యాన్ని కాపాడలేవని జిల్లా అప్పటికే చూసేసింది. 40 దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలని వినోబాను అడిగాయి. ఎవరైనా ఇస్తారా అని ఆయన ఊరినే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అక్కరకు మించి దాచుకున్నవాడు కూడా దొంగేనని, దొంగిలించకూడదనే అస్తేయ వ్రతానికి గాంధీ చెప్పిన అర్థం ఆ సాయంత్రం ఎకరాల లెక్కలోకి మారింది. భాగవతం కూడా గృహస్థుకు కడుపు నిండేంత వరకే హక్కుందని, అంతకు మించి నాదన్నవాడు దండనకు తగిన దొంగ అని చెబుతుంది.

కథ అక్కడితో అయిపోయి ఉంటే చక్కగా ఉండేది. తర్వాతి దశాబ్దాల్లో తెలంగాణలో ఇలా దానంగా వచ్చిన భూదాన భూముల ఆక్రమణల మీద ఫిర్యాదులు, కేసులు హైకోర్టు దాకా వెళ్లాయి. సొంతదారు వదులుకున్నాడు, పేదవాడి చేతికి అందిందో లేదో చూసే కాపలా సరిపోలేదు. మమకారం వదిలినంత మాత్రాన కాపలా వదలకూడదని పోచంపల్లి తర్వాతి చరిత్ర నేర్పిన పాఠం. ఇచ్చినవాడి మనసు ఎంత గొప్పదైనా, ఇచ్చిన భూమికి హద్దురాళ్లు కావాలి, పట్టా కావాలి.

అయితే మమకారం వదులుకొమ్మన్న మాట ఎవరికి చెబుతున్నామో చూసుకోవాలి. దశాబ్దాలుగా పాలమూరు కూలీ కుటుంబాలు ముంబై, పుణె, హైదరాబాదు కట్టడాల పనికి వెళ్తున్నాయి. ముసలివాళ్లు ఊళ్లో ఉంటారు, లేదా దర్వాజకు తాళం పడుతుంది. తాళంచెవి చూరులో దోపితే దొంగకు చెప్పి పెట్టినట్టేనని అందరికీ తెలుసు. పక్కింటి అవ్వ చేతికిస్తారు. ఆ ఇంట్లో ఉండేది సందుగలో చుట్టిపెట్టిన పట్టగొలుసులు, బిడ్డ పెళ్లికని కొన్న అరతులం కమ్మలు, పాసుబుక్కు, రేషను కార్డు. పంట పోయిన ఏడు సేటు దగ్గర కుదువ పెట్టి తినడానికి ఆధారం ఆ కమ్మలే. ఆ ఇల్లాలికి అపరిగ్రహం, అంటే కూడబెట్టుకోవద్దన్న మాట, బోధించడం పాపం. ఆమె భయంలో అధర్మం ఏమీ లేదు. ఊరెళ్తున్నప్పుడు పోలీసులకు చెప్పమని, పక్కింటివాళ్లను కనిపెట్టుకోమనమని పండగలకు ముందు ఠాణాల నుంచి వచ్చే సూచన ఆమెకు శాస్త్రమంత విలువైనది. ధర్మశాస్త్రాలు, గాంధీ, వినోబా అందరూ వదులుకొమ్మన్నది ఉన్నవాడిని. లేనివాడి విషయంలో వాళ్లు చెప్పిన ధర్మం ఒక్కటే, అతడిది ముట్టకు.

ముట్టడం అంటే కన్నం వేయడమే కానక్కర్లేదని జైనులు ఎప్పుడో జాబితా రాసిపెట్టారు. పాత నల్లగొండ జిల్లా కొలనుపాకలో వాళ్ల ప్రసిద్ధ తీర్థం ఉంది. ఉమాస్వాతి తత్వార్థసూత్రం గృహస్థు అస్తేయ వ్రతానికి ఐదు అతిచారాలు, అంటే ఉల్లంఘనలు, చెప్పింది. దొంగను పురికొల్పడం, దొంగసొత్తు కొనడం, రాజ్య నియమాలను దాటి వ్యాపారం చేయడం, తప్పుడు తూకాలు కొలతలు, కల్తీ సరుకు. ఐదింటిలో ఒక్కదానికీ చీకటితో, గోడతో, తాళంతో పనిలేదు. అన్నీ పట్టపగలు అంగట్లో జరిగేవే.

ఆ జాబితా పట్టుకుని యాసంగి కోతలయ్యాక నల్లగొండ జిల్లాలోని ఏ వడ్ల కొనుగోలు కేంద్రానికైనా వెళ్తే, రైతు నోట వినబడే మొదటి మాట ‘తరుగు’. 40 కిలోల బస్తాకు తేమ పేరుతో, తాలు పేరుతో కిలో, రెండు కిలోలు అదనంగా కోస్తున్నారని ఏటా గొడవ, రోడ్డు మీద రాస్తారోకో. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు లెక్క తేలక, చేసిన పనికి కూలి చేతికి రాక తిరిగొచ్చిన పాలమూరు కూలీ చెప్పేదీ ఇలాంటి కథే. కమ్మలు పోతే 305వ సెక్షను కింద కేసు పెట్టవచ్చు, వేలిముద్రలు తీస్తారు, జాగిలం వస్తుంది. తూకంలో పోయిన వడ్లకు, మేస్త్రీ లెక్కలో పోయిన కూలికి జాగిలం రాదు. అస్తేయం గురించి ఈ జిల్లాల గుళ్లలో, మసీదుల్లో, చర్చీల్లో ప్రసంగించే పెద్దలు తమ ముందు కూర్చున్నవాళ్లలో ఎవరెవరు కాంటా పట్టుకుంటారో, ఎవరెవరు కూలి పంచుతారో చూసి, ఆ ఐదు అతిచారాల్లో నాలుగోదానితో మొదలుపెట్టవచ్చు.